చందా ఇచ్చేస్తే సరిపోతుందా?

2020 నవంబరులో కొందరు సైక్లిస్టులు కాశ్మీరు నుంచి బయలుదేరి, ఏడాది చివరికి కన్యాకుమారి చేరుకున్నారు. సుమారు 3,800 కిలోమీటర్లు! వారిలో కాళ్లు పోగొట్టుకున్నవారున్నారు. సరిహద్దు భద్రతా దళంతో కలసి ఈ యాత్ర జరిపించింది మన హైదరాబాదులోని ఆదిత్య మెహతా ఫౌండేషను. ఆదిత్య మెహతా కూడా రోడ్డు ప్రమాదంలో కాలు కోల్పోయినవారే. 2013 ఆసియా పారా సైక్లింగు పోటీల్లో రెండు రజత పతకాలు సాధించారు. వికలాంగ క్రీడాకారుల తర్ఫీదుకు, సామగ్రికి ఇటువంటి యాత్రల ద్వారా విరాళాలు సేకరిస్తారు.

ఆ సామగ్రి ఏమిటో పాఠకులు తెలుసుకోవాలని మా కోరిక. ఒంటికాలితో తొక్కేవారు పెడలును కిందికి నొక్కితే చాలదు, అదే కాలితో పైకి లాగాలి కూడా. అందుకని బూటు పెడలుకు బిగిసి ఉండాలి. కృత్రిమ కాలు తొడుక్కున్నవారికి చెమటకు చర్మం ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి. పుండు మానేదాకా ఆ కాలు తొడగరాదు. రెండు కాళ్లూ పనిచేయనివారికి చేతులతో తిప్పే సైకిలు కావాలి. చూపు లేనివారికి ఇద్దరు తొక్కే సైకిలు, ముందు సీటులో చూపున్న మనిషి.

ఆ మనిషి మాత్రం చందాతో రాడు. ప్రతి ఉదయం వచ్చి తొక్కాలి.

‘బేచారా’ అని నిట్టూర్చి పది రూపాయలివ్వడం మనకు అలవాటే. చుట్టాలొస్తే కుంటి పిల్లవాణ్ణి లోపలి గదిలో కూర్చోబెట్టే ఇళ్లనూ మేము చూశాం. పెరిగే పిల్లలకు కృత్రిమ కాలు ఒకసారి చేయిస్తే సరిపోదు. ఎత్తు పెరిగినకొద్దీ మళ్లీ కొలతలు తీయించాలి, మళ్లీ నడక నేర్పించాలి. అన్నిసార్లూ వెంట వెళ్లే మేనమామో బాబాయో ఆ ఇంట్లో ఉండాలి.