కనుమదారిలో నిలిచిన జీపు

ఒక వర్షకాలమున మేము పాత జీపులో సాలూరు కనుమ నెక్కుచుండగా నింజను హఠాత్తుగా నాగిపోయెను. పైయూర నొక రోగి మాకొఱకై వేచియుండెను. తొందరలో ప్లగ్గులన్నియు విప్పి తుడిచితిమి, ఫలము లేకపోయెను. క్రమము తప్పి వెదకుటయే మా పొరపాటు.

ఇంజనులో నిప్పురవ్వ పుట్టు విధ మిది. బేటరీనుండి విద్యుత్తు తాళపు స్విచ్చిగుండ కాయిలునకును, అచటినుండి డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లకును బోవును. పాయింట్లు విడివడు క్షణమున కాయిలులో వేలకొలది వోల్టులు పుట్టి, 1, 3, 4, 2 అను వరుసను ప్లగ్గులకు జేరును.

వెదకుటయు నీ వరుసనే జరుగవలెను. బేటరీకి తగిన చిన్న బల్బు గైకొనుడు. యుద్ధకాలపు విల్లీసు జీపులకు 6 వోల్టులు, తరువాతివానికి సాధారణముగా 12. దాని యొక తీగను ఇనుపచట్రమునకు దగిలించి, రెండవదానిని కాయిలుయొక్క స్విచ్చివైపు మరకు దాకింపుడు. తాళము త్రిప్పినను వెలుగనిచో దోషము స్విచ్చిలోనో, తీగలోనో, బేటరీ బిగింపులలోనో కలదు. వెలిగినచో డిస్ట్రిబ్యూటరువైపు మరకు దాకించి, ఇంజనును త్రిప్పింపుడు. దీపము మినుకుమినుకు మనవలెను. ఎడతెగక వెలిగినచో పాయింట్లు కలియుట లేదు. అసలే వెలుగనిచో కాయిలు తీగ తెగినది, లేదా పాయింట్లు విడుట లేదు. పెట్రోలు వాసన యున్నచోట మాత్ర మే పరీక్షయు జేయరాదు.

మా దీపము చక్కగా మినుకుమనెను. కావున డిస్ట్రిబ్యూటరు మూత తెఱచితిమి. లోపల మంచుతడి చేరి విద్యుత్తు దారితప్పుచుండెను. పొడిబట్టతో దుడిచినంతనే యింజను మ్రోగెను. రోగియు సాయంకాలమునకు ఆసుపత్రి జేరెను.

విద్యార్థులారా, లెక్కలోని తప్పునుగూడ మొదటి పంక్తినుండియే వెదకుడు.