మీ వైఫై పాస్‌వర్డ్ ఫోన్ నంబరేనా? అయితే ఇది వినండి

ఇవాళ్టి ఎపిసోడ్‌లో వైఫై పాస్‌వర్డ్ గురించి మాట్లాడుకుందాం. చాలా ఇళ్లల్లో వైఫై పాస్‌వర్డ్ ఏంటి? నాన్న ఫోన్ నంబర్! గుర్తుంటుంది, చుట్టాలొస్తే చెప్పడం ఈజీ. మరి ప్రమాదం ఎక్కడుందో చూద్దాం.

ముందు ఒక విషయం. మీరు కనెక్ట్ నొక్కగానే పాస్‌వర్డ్ గాల్లో వెళ్లిపోదు. 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2 పద్ధతిలో రౌటర్ ఒక ర్యాండమ్ నంబర్ పంపిస్తుంది. మీ ఫోన్ తన నంబర్ ఇంకోటి తీసుకుని, ఆ రెండిటినీ పాస్‌వర్డ్‌తో కలిపి లెక్క కట్టి, తన నంబర్‌తో పాటు ఒక కోడ్ పంపిస్తుంది. రౌటర్ కూడా అదే లెక్క చేస్తుంది. రెండు కోడ్‌లూ కలిస్తేనే లోపలికి రానిస్తుంది. మొత్తం నాలుగు మెసేజ్‌లు. దీన్నే ఫోర్ వే హ్యాండ్‌షేక్ అంటారు.

బాగానే ఉంది కదా? చిక్కు ఏంటంటే, ఆ మెసేజ్‌లను పక్కింట్లో కూర్చున్నవాడు కూడా పట్టుకోవచ్చు. తర్వాత తీరిగ్గా తన కంప్యూటర్‌లో ఒక్కో పాస్‌వర్డ్ పెట్టి అదే లెక్క చేస్తూ పోతాడు. కోడ్ మ్యాచ్ అయిందా, పాస్‌వర్డ్ దొరికినట్టే. మీ రౌటర్‌కి ఆ సంగతే తెలీదు. ఆ తర్వాత వాడు మీ వైఫైలో ఏం చేసినా, బయటికి కనిపించేది మీ ఇంటి కనెక్షనే.

మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతోనే మొదలవుతాయి. అంటే 400 కోట్లకు మించవు. చాలా ఎక్కువ అనిపిస్తోందా? మంచి గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు సెకనుకు 10 లక్షల పాస్‌వర్డ్‌లు చెక్ చేయగలదు. లెక్క వేయండి, 4,000 సెకన్లు. మన సినిమాకి ఇంటర్వెల్ పడేలోపు పనైపోతుందన్నమాట!

2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 సరిగ్గా దీన్నే ఆపుతుంది. ఇందులో మెసేజ్‌లు పట్టుకెళ్లి లెక్కలు కట్టినా ఏమీ తేలదు. ఒక పాస్‌వర్డ్ ట్రై చేయాలంటే రౌటర్‌తో నేరుగా మాట్లాడాల్సిందే, అదీ ఒక్కోసారి ఒక్కటే. పైగా రేపు మీ పాస్‌వర్డ్ బయటపడినా, నిన్న రికార్డ్ చేసుకున్న డేటా తెరుచుకోదు.

మరి మనం ఏం చేయాలి? రౌటర్ సెట్టింగ్స్‌లో డబ్ల్యూపీఏ3 ఉంటే పెట్టేయండి. పాత ఫోన్లు కనెక్ట్ కాకపోతే రెండూ కలిసిన మోడ్ పెట్టొచ్చు. కాకపోతే ఆ పాత ఫోన్లు డబ్ల్యూపీఏ2లోనే కలుస్తాయి కాబట్టి పాస్‌వర్డ్ గట్టిగా ఉండాలి. సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటల్ని ఇంగ్లీష్ అక్షరాల్లో కలిపి రాయండి. చింతపండు, రైలు, గొడుగు, మేనత్త, ఇలా! ఇవే మాత్రం పెట్టకండి, అందరూ వినేశారు కదా. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.