మళ్లెప్పుడొస్తరు సార్?

డిసెంబరు వచ్చిందంటే చెన్నూరు చుట్టుపక్కల సర్కారు బళ్లకు చుట్టాల తాకిడి. డల్లాస్ నుంచో సిడ్నీ నుంచో సెలవుకు వచ్చినవాళ్లు తాము చదువుకున్న బడికి ఒక పూట వెళ్తారు. నోటు పుస్తకాలు పంచుతారు, శాలువా కప్పించుకుంటారు, ఫొటో దిగుతారు. ఇందులో తప్పేం లేదు, పుస్తకాలు ఊరికే పోవు. వెళ్లేముందు పిల్లలు మాత్రం ఒకటే అడుగుతారు: "మళ్లెప్పుడొస్తరు సార్?"

ఈ ప్రశ్నకు ఇదే ఉమ్మడి ఆదిలాబాద్‌లో ఒక పరదేశి దాదాపు యాభై ఏళ్లపాటు జవాబిచ్చాడు. మంచిర్యాల, ఆసిఫాబాద్ దాటి కెరమెరి ఘాటెక్కితే జైనూరు, ఆ పక్కనే మార్లవాయి. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్, భార్య బెట్టీ ఎలిజబెత్‌తో ఆ గోండు గూడెంలో గడ్డి కప్పిన ఇంట్లో ఉన్నాడు.

మొదటి రాక ఆయన పూర్తిగా కోరుకున్నది కాదు. 1939లో ఇండియాకు వచ్చేసరికి రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండటంతో శత్రుదేశస్థుడన్నారు, నిజాం రాజ్యం దాటి పోవద్దన్నారు. నిజాంపై తిరగబడ్డ గోండు నాయకుడు కుమ్రం భీమ్ 1940లో జోడేఘాట్‌లో చనిపోయాక, గోండుల కడుపుమంట ఏమిటో తెలుసుకొమ్మని నిజాం సర్కారు ఆయన్నే పంపింది.

1943లో మార్లవాయిలో పంతుళ్ల శిక్షణ కేంద్రం మొదలైంది. హైమెండార్ఫ్ తానే బ్లాక్‌బోర్డు ముందు నిలబడి చదువు చెప్పి వెళ్లిపోవచ్చు. అలా చెయ్యలేదు. కొద్దిగా మరాఠీ అక్షరాలు వచ్చిన గోండు యువకులను వెతికి, వాళ్లనే పంతుళ్లను చేయించాడు. వాచకాలు గోండి భాషలో, దేవనాగరి లిపిలో అచ్చయ్యాయి. గోండి నేర్చుకున్న అధికారి సేతుమాధవరావు పగడి లాంటివాళ్లు ఆ పనిని ముందుకు నడిపారు. ఇంట్లో మాట్లాడే మాటే బడిలో వినపడటం ఆ పిల్లలకు అదే మొదలు.

తర్వాత ఆయన లండన్‌లో ప్రొఫెసరయ్యాడు. అక్కడితో మార్లవాయి ఒక పుస్తకంగా మిగిలిపోవాలి. కానీ 1970ల్లో మళ్లీ వచ్చాడు, ఆ తర్వాతా వచ్చాడు. అప్పటికి బడి భాష తెలుగుకు మారింది, భూములు చేతులు మారాయి. తాను మొదలుపెట్టింది ఎక్కడ నిలబడిందో, ఎక్కడ కుంటుపడిందో కళ్లారా చూసి 1982లో పుస్తకంలో రాశాడు. నా దృష్టిలో ఆయన చేసిన పెద్ద పని ఈ తిరిగి రావడమే. మొదటిసారి యుద్ధం ఆపింది కాబట్టి ఉన్నాడు, ఈసారి ఎవరూ ఆపలేదు. 1987లో చనిపోయిన బెట్టీని మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో లండన్‌లో కన్నుమూసిన ఆయన అస్థికలు 2012లో ఆమె పక్కకు చేరాయి.

అందరూ హైమెండార్ఫ్‌లు కానక్కర్లేదు. ఇతర దేశాలకు వలంటీర్లను పంపే, 1961లో పుట్టిన అమెరికన్ సంస్థ పీస్ కోర్ కూడా కొత్త వలంటీరును నేరుగా బడికి పంపదు. మూడు నెలలు భాషతో సహా శిక్షణ ఇచ్చి, ఆ తర్వాత రెండేళ్లు ఉండమంటుంది. వారం రోజుల సెలవులో అది కుదరదు, నిజమే. కానీ ఏటా అదే బడికి వారం పాటు రావడం కుదురుతుంది. రెండో ఏడు వచ్చినవాడికి ఏ పిల్ల కూడబలుక్కుని చదువుతుందో, ఏ పిల్లగాడు పత్తి ఏరడానికి పోయి బడి మానేశాడో తెలుస్తుంది. మొదటిసారి వచ్చినవాడికి అందరూ ఒకే తీరు యూనిఫారంలో కనిపిస్తారు.

మిగతా ఏడాదికి ఫోనుంది. చలికాలంలో డల్లాస్‌లో పొద్దున 7 గంటలంటే చెన్నూరులో సాయంత్రం 6.30. పదో తరగతి పిల్లలు ప్రత్యేక తరగతులు ముగించుకుని ఇల్లు చేరే వేళ. లెక్కల్లో ఒక్కరికి తోడుగా కూర్చున్నా మార్చి పరీక్షలకు పనికొస్తుంది. టికెట్ బుక్ చేసేముందు హెడ్‌మాస్టరుకు ఒక ఫోన్ చేయండి. ఏం తెమ్మంటారని కాదు, ఏ తరగతిలో ఎవరి పక్కన కూర్చోమంటారని అడగండి.