ఇంటి ఛాయాచిత్రములు: వానిని పదిలపరచు ఉచిత సాధనములు

గడచిన భాద్రపదమున మా అత్తగారు పరమపదించిరి. పదవనాటికి పీటమీద నుంచి పూలమాల వేయుటకై ఆమె చిత్రపట మొకటి కావలసివచ్చినది. ఇంట చిత్రములకు కొదువ లేదు. మా ఫోనునందును, మావారి ఫోనునందును, పాత కంప్యూటరునందును కలసి పదునొకండువేలకు పైచిలుకు గలవని తరువాత లెక్కకు వచ్చినది. ఆ రాత్రి మా ఆడుబిడ్డయు మేమును రెండుజాములవరకు వెదకితిమి. దొరకినవి యెట్టివి? మా అమ్మాయి పుట్టినరోజు పండుగలో వంటయింటి గుమ్మము చాటున సగము మోము. మరిది పెండ్లిలో అక్షతలు వేయుచు వంచిన తల. సంక్రాంతి ముగ్గు ప్రక్కన వెనుదిరిగిన వీపు. ఇంటిల్లిపాదికి ఇన్నేండ్లు వడ్డించిన మనిషి తానొక్కతెయై తిన్నగా మనవైపు చూచు చిత్రమొక్కటియు కానరాలేదు. తుదకు పెండ్లిలోని గుంపుచిత్రమునుండి ఆమె మొగము మాత్రము కత్తిరింపించి, స్టూడియోలో పెద్దది చేయించితిమి. అది పొగమంచులోనుండి చూచినట్లు మసకగా వచ్చినది. మా మామగారు దానివంక ఒకమారు చూచి, మరల చూడలేదు.

సోదరీమణులలో అనేకుల ఇండ్ల నిదే స్థితియై యుండునని తలచి, పిదప మేము పడిన శ్రమయు, ఎన్నుకొనిన సాధనములును, చేసిన తప్పొకటియు విన్నవించుకొనుచున్నాము. మేము బడికి పోయి చదివినవారము కాము. తండ్రిగారివద్ద పంచకావ్యములు చదువుకొంటిమి. కంప్యూటరు పని తొమ్మిదవ తరగతి చదువుచున్న మా అమ్మాయివద్ద నేర్చుకొంటిమి. కాబట్టి మాకు పట్టువడినది మరెవ్వరికైనను పట్టువడకపోదు.

మొదట ఉచితమను మాటనుగూర్చి కొంత చెప్పవలసియున్నది. ఆంగ్లమున ఫ్రీ యను నొక్క మాటయే వెలలేనిదానికిని, స్వేచ్ఛగలదానికిని చెల్లుచున్నది. అందుచే వారు దానిని విప్పి చెప్పుకొనుటకు నానాయాతన పడుదురు. మనకు ఉచితమనియు, స్వేచ్ఛయనియు రెండు మాటలు వేరువేరుగా నున్నవి. 1983లో రిచర్డు స్టాల్‌మన్ అను అమెరికాదేశస్థుడు గ్నూ అను పేర నొక ప్రయత్నము నారంభించెను. సాఫ్టువేరును ఎవరైనను వాడుకొనవచ్చును, లోపలి వ్రాతను చదువవచ్చును, మార్చుకొనవచ్చును, పరులకు పంచియీయవచ్చును అనునది దాని సిద్ధాంతము. ఆవకాయ జాడీ ఊరకయే యిచ్చి, కలిపిన పాళ్లు మాత్రము చెప్పనివారు ఒక తెగ. జాడీతోపాటు కారమెంత, ఆవపిండి యెంత, ఉప్పెంత యని చెప్పి, మీ ఇంటను పెట్టుకొనుడు, నలుగురికి నేర్పుడు అనువారు రెండవ తెగ. ఈ రెండవ తెగ సాఫ్టువేరును తెలుగునాట ప్రచారము చేయు సంస్థ యొకటి 'స్వేచ్ఛ' యనియే పేరు పెట్టుకొన్నది.

గృహిణికి ఈ భేదముతో పనియేమి యందురా? పికాసా యను సాధనమును లోకమంతయు ఉచితముగా వాడుకొనుచుండగా, గూగులువారు 2016లో దానిని నిలిపివేసిరి. వారి గూగుల్ ఫోటోస్ నందు ఎన్ని చిత్రములైనను ఉచితముగా దాచుకొనవచ్చునను ఏర్పాటు 2021 జూన్ 1వ తేదీతో ముగిసినది. ఇపుడు ఉత్తరములకును, కాగితములకును, చిత్రములకును కలిపి 15 గిగాబైట్లు మాత్రమే యుచితము. ఇది వారి తప్పని మే మనము. అరుగు వారిది, అద్దె యడుగుట వారి యిష్టము. కాని మన బిందెలు పరుల యరుగుమీద నున్నవని మనము మరువరాదు.

ఇంతకంటె చేదైన అనుభవము మాకు మరియొకటి కలదు. ఒకానొక ఉచిత సాధనమును నమ్మి, రెండు వేసవిసెలవులు కూర్చుండి, ఏ చిత్రమున ఎవరున్నారో పేర్లు వ్రాసికొంటిమి. పాత కంప్యూటరు చెడిపోగా క్రొత్తదానికి చిత్రములు వచ్చినవి గాని పేర్లు రాలేదు. పేర్లన్నియు చిత్రములలో గాక ఆ సాధనముయొక్క సొంత చిట్టాలో వ్రాయబడినవట! అప్పటినుండి ఏ సాధనమును చూచినను మే మడుగు మొదటి ప్రశ్న యిదియే: మేము వ్రాసినది చిత్రములో నుండునా, నీ పెట్టెలో నుండునా?

ఈ ప్రశ్నకు మంచి సమాధానము చెప్పినది డిజికామ్. ఇది రెండవ తెగకు చెందినది. స్వచ్ఛందసేవకులు ఇరువదియేండ్లకు పైబడి పెంచుకొని వచ్చుచున్నారు. విండోసు, లినక్సు, ఆపిలువారి కంప్యూటరు, మూడింటిమీదను నడచును. దీని అమరికలలో మెటాడేటా అనుచోట గుర్తులు పెట్టినచో, మనము వ్రాసిన పేర్లు చిత్రపు ఫైలులోనే లిఖింపబడును. రేపు డిజికామ్ లేకపోయినను మరియొక సాధనము వానిని చదువుకొనగలదు. ఈ గుర్తులు మొదటనే పెట్టవలెను. పేర్లు తెలుగులోనే వ్రాసికొనవచ్చును; 'అత్తగారు', 'పెదనాన్నగారు', 'పొలము', 'పసుపు దంచుట' అని మేము వ్రాసికొంటిమి. చిత్రములు మన సంచులలో మనము పెట్టినచోటనే యుండును.

ఒకటిమాత్రము చెప్పవలెను. ఇది బరువైన సాధనము. మా పాత యంత్రమున దీనిని తెరచి, పాలు పొయ్యిమీద పెట్టి పొంగించి వచ్చినను ఇంకను తెరచుకొనుచునే యుండెడిది. లినక్సుగల చిన్న యంత్రమునకు షాట్‌వెల్ చాలును. విండోసునందు ఇర్ఫాన్‌వ్యూ అనునది 1996నుండి కలదు. మిక్కిలి తేలికైనది, గృహావసరములకు వెల లేదు, కాని మొదటి తెగకు చెందినది. డార్క్‌టేబుల్, రాథెరపీ అనునవి పెద్ద కెమేరాలతో ముడిచిత్రములు తీయువారికొరకు. ఫోనుచిత్రములవారికి వానితో పనిలేదు. ఏది కావలెనన్నను తయారుచేసినవారి సొంత చోటునుండియే దింపుకొనవలెను. అదే పేరు తగిలించుకొని లోపల మరేదో దాచియిచ్చు వారలు పెక్కురు.

పని మొదలిడిన దినమున మాకు ముందు కనబడినది చెత్త. వాట్సాపు ద్వారా వచ్చిన శుభోదయపు గులాబీలు, వారవారపు దేవతామూర్తులు మూడువేలకు పైన తేలినవి. ఒకే చిత్రము నాలుగుచోట్ల నుండుటయు కలదు. డిజికామ్ చిత్రములను పోల్చి జంటలను చూపును. తీసివేయు భారము మనది. ఇందు తొందర పనికిరాదు. వాట్సాపున వచ్చిన ప్రతి కుదించబడినది, తీసిన తేదీ కూడ అందుండదు. అసలు చిత్రము ఫోనులో నున్నచో దానినే యుంచుకొనవలెను. రెండును ఒక్కటేగదా యని మేము తొలినాడు కొన్ని పెద్దవాటిని తీసివేసి, చెత్తబుట్టనుండి మరల తెచ్చుకొంటిమి.

తరువాత మొగముల పని. మొదట ఇంటర్నెటునుండి దానికి కావలసిన సామగ్రిని దింపుకొని, పిదప మన యంత్రమునందే ఒక్కొక చిత్రమును చూచుచు మొగములను ఏరును. చిత్రములు ఇల్లు దాటి పోవు. మాకు రెండు రాత్రులు పట్టినది. లేపాక్షి స్తంభములమీది శిల్పములను కూడ మనుష్యులనుకొని, ఇవి యెవరి మొగములని మమ్మడిగినది! అత్తగారి సగము మోములకును, వంచిన తలలకును ఇరువదింటికి మేము పేరు వ్రాయగా, తక్కినవి తానే యూహించి చూపసాగినది. అందు మా చెల్లెలిని రెండుమార్లు ఆమె యనుకొన్నది. మూడవ పుటలో, మేమెన్నడును చూచినట్లు జ్ఞాపకములేని చిత్రమొకటి వచ్చినది. తడిసిన జుట్టు, నుదుట కొంచెము ప్రక్కకు జరిగిన కుంకుమ, ఎవరో ఏదో యనగా అపుడే నవ్వినట్లు నోరు. కన్నులు తిన్నగా మనవైపు.

2015 జూలైలో గోదావరి పుష్కరములకు రాజమహేంద్రవరము పోయినపుడు, మావారు మా తమ్ముని కెమేరా అరువు తెచ్చి తీసినది. అందలి గడియారము సరిచేయబడలేదు. చిత్రముమీద 2008 జనవరి 1 అని పడినది. ఆ యేట మా యింట కెమేరాయే లేదు గనుక, ఆ సంచిని ఆ రాత్రి మేము తెరచి చూడనేలేదు. తేదీలు సరిచేయు సాధనము డిజికామ్‌లోనే యున్నది. ఆ దినపు చిత్రములు నలువది. ఒక్కమారే అన్నింటిని ముందుకు జరిపి 2015నకు చేర్చితిమి.

ఇక దిద్దుట. దానికి మేమెన్నుకొనినది గింప్. 1995 ప్రాంతమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు విద్యార్థు లిరువురు దీని నారంభించిరి. 2025లో మూడవ రూపము వెలువడినది. మొదటి చూపునకు వంటయింట ఒకేమారు వంద గరిటెలు వ్రేలాడగట్టినట్లుండి భయము పుట్టించును. గృహిణికి కావలసినవి అయిదారే: కత్తిరించుట, వంకర సరిచేయుట, వెలుగు పెంచుట, మచ్చ మాపుట, క్రింద పేరు వ్రాయుట. పేరునకు మండలి, రామభద్ర వంటి ఉచితమైన తెలుగు అక్షరములు దొరకును.

పటము పెద్దదగునా కాదా యనునది చుక్కల లెక్క. మా చిత్రమున అడ్డము 3264, నిలువు 2448 చుక్కలు. అత్తగారివరకు కత్తిరింపగా అడ్డము 1600, నిలువు 2000 మిగిలినవి. అంగుళమునకు 300 చుక్కలు ఉత్తమము, గోడపటమునకు 200 చాలును. అనగా 8 అంగుళముల వెడల్పు, 10 అంగుళముల యెత్తు పటము నిక్షేపముగా వచ్చును. గుంపుచిత్రములోని మొగము నూరు చుక్కల పైచిలుకు మాత్రమే. దానిని ఎనిమిది యంగుళములకు సాగదీసిన మసక రాక యేమగును? అపుడు మా మరిది దూరదేశమునుండి ఆ మసక మొగమును కృత్రిమమేధచే స్పష్టపరచి పంపెను. ఎంతయో స్పష్టముగనే యున్నది. కాని ఆ కన్నులు మా అత్తగారివి కావు.

క్రొత్తచిత్రమున ముడుతలు మాపవలదని మేము పట్టుబట్టితిమి. కుంకుమ జరిగినచోటనే యుంచితిమి. వెనుక నొక ప్లాస్టిక్కు బకెట్టు, ఆమె భుజముమీద నెవరిదో చేయి యుండగా, పుష్కరపు రద్దీలో ఎవరో తగిలిరని తలచి, ఆ రెంటిని మాత్రము నకలుకుంచెతో తుడిచివేసితిమి. గింప్‌లో అసలు చిత్రమును క్రిందిపొరగా నుంచి, దాని నకలును పైపొర చేసికొని దిద్దవలెను. దానిని గింప్ సొంత రూపమైన ఎక్స్‌సీఎఫ్‌గా దాచి, అచ్చునకు జేపెగ్ ప్రతిని వేరుగా తీయవలెను. జేపెగ్‌ను మార్చి మార్చి దాచినకొలదియు చిత్రము కొంతకొంత నలుగును. ఇట్లు దాచినవన్నియు రెండు ప్రతులు చేసి, ఒక డిస్కును మా తమ్ముని యింట నుంచితిమి. ఒకే యింట రెండు ప్రతులున్నచో నీరు వచ్చినను నిప్పు వచ్చినను రెండును పోవును.

పటము కట్టించి తెచ్చిన సాయంకాలము మామగారికి చూపితిమి. చాలసేపు చూచిరి. కండ్లజోడు తీసి, తుడుచుకొని, మరల పెట్టుకొని చూచిరి.

"అమ్మాయీ, ఇక్కడ నా చెయ్యి ఉండాలే!" అనిరి.

మాకు మాట రాలేదు.

"మొదటిరోజు తొక్కిసలాటలో జనం పోయారని భయపడి, మేము వెళ్లినరోజంతా నేను దాని భుజం వదల్లేదు. పిల్లవాడు ఫోటో తీస్తున్నాడు, ఇకనైనా వదలండి అంది. అందుకే ఆ నవ్వు."

ఆ రాత్రియే ఎక్స్‌సీఎఫ్ ప్రతిని తెరచి పైపొరను మరుగుపరచితిమి. చేయి మరల వచ్చినది, దానితోపాటు బకెట్టును వచ్చినది. బకెట్టునుమాత్రము మరల తుడిచి, మరునాడు అచ్చు వేయించి పాతదానిచోట తగిలించితిమి. మామగారు మధ్యాహ్నము భోజనమైన పిమ్మట ఆ గోడకెదురుగా కుర్చీ వేసికొనుచున్నారు.