బేరింగులో రోలర్లు ఏటవాలుగా ఎందుకు?

ఇబ్రహీంపట్నం దగ్గర సాగర్ రోడ్డు మీద ట్రాక్టర్ మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాన్ని గమనించారా? బండి బరువు దాన్ని పైనుంచి నొక్కుతుంది, మలుపు పక్కకు నెడుతుంది. ఈ రెండింటినీ ఒకేసారి కాచుకునేది లోపలి టేపర్ రోలర్ బేరింగ్.

ఎలా?
ఇందులో రోలర్లు ఒక కొస లావుగా, మరో కొస సన్నగా, ఏటవాలుగా ఉంటాయి. ఆ వాలు వల్లే పైబరువునూ, పక్కతోపునూ కాచుకుంటాయి. వాటి వాలును గీతలుగా పొడిగిస్తే అన్నీ ఇరుసు నడిగీత మీద ఒకేచోట కలుస్తాయి. అందుకే జారకుండా దొర్లుతాయి. అమెరికాలో గుర్రపు బగ్గీలు తయారుచేసే హెన్రీ టిమ్‌కెన్ 1898లో దీనికి పేటెంట్ పొందాడు.

మంచిదని తెలిసేదెలా?
ఉక్కు గట్టిగా, రోలర్లు అద్దంలా నున్నగా, అన్నీ ఒకే కొలతలో ఉండాలి. ఒక్కటి వెంట్రుక మందంలో పదోవంతు లావైనా, భారం ఎక్కువగా దానిమీదే పడి త్వరగా అరిగిపోతుంది.

బేరింగు మీది నంబరూ మాట్లాడుతుంది! 30206 అని ఉంటే చివరి 06ను 5తో గుణించండి. లోపలి రంధ్రం 30 మిల్లీమీటర్లు.

పాతది దొరికితే శుభ్రంగా తుడిచి వేలితో తిప్పి చూడండి. గరగరమంటే దాని పని అయిపోయినట్టే!