నాలుగు గంటల్లో అమెరికా!

"ఒరేయ్, అమెరికా ఇంత దగ్గరటరా!" అంది మా పెద్దమ్మ, టిక్కెట్టు కళ్ళజోడు దగ్గరగా పెట్టుకుని.

ఢిల్లీలో తెల్లవారుజామున 2-30కి బయలుదేరి, అదేరోజు ఉదయం 6-30కి శాన్ ఫ్రాన్సిస్కో చేరుతుందని అందులో ఉంది. కూతురి పురిటికి వెళుతున్న మనిషి. నాలుగు గంటల ప్రయాణమే కదా అని చక్కెరజబ్బు మాత్రలన్నీ పెద్ద పెట్టె అడుగున సర్దేసింది. ఆ పెట్టె విమానం కడుపులోకి పోయిందంటే, మళ్ళీ కనబడేది అమెరికాలోనే!

చదువుకున్నవాళ్ళు కూడా ఇక్కడ పొరబడుతూ ఉంటారు. ఆ రెండు వేళలూ రెండు ఊళ్ళ గడియారాలవి. శాన్ ఫ్రాన్సిస్కో గడియారం వేసవిలో మనకంటే పన్నెండున్నర గంటలు వెనుక, చలికాలంలో పదమూడున్నర. ఈ వేసవి ప్రయాణంలో, మన లెక్కన పెద్దమ్మ దిగేది సాయంత్రం ఏడింటికి. అంటే పదహారున్నర గంటలన్నమాట!

ఇక దూరం సంగతి. ఒక బత్తాయిపండు మీద ఈ రెండు ఊళ్ళూ ఉండేచోట గుండుసూదులు గుచ్చి, మధ్య దారం బిగించి చూడండి. దారం ఉత్తరధ్రువానికి దగ్గరగా పోతుంది. అదే అన్నిటికంటే దగ్గరి దారి. సుమారు 12,400 కిలోమీటర్లు. కాని విమానాలు సరిగ్గా దారం వెంటనే పోవు. గాలివాటం చూసుకోవాలి. ఏయే దేశాలు తమ ఆకాశంలోకి రానిస్తాయో చూసుకోవాలి. అవసరమైతే దిగటానికి దగ్గరలో విమానాశ్రయం ఉండాలి.

ఇందులో ఒక తమాషా ఉంది. 2015 డిసెంబరులో ఎయిర్ ఇండియా ఈ రెండు ఊళ్ళ మధ్య ఆగకుండా పోయే విమానం ప్రారంభించింది. మొదట అట్లాంటిక్ మీదుగా పోయేవారు. సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో తూర్పుగా తిరిగి, పసిఫిక్ మీదుగా వెళ్ళారు. అది సుమారు 15,300 కిలోమీటర్లు. దూరం పెరిగింది కనుక ఆలస్యమైందనుకుంటున్నారా? కాదు, పద్నాలుగున్నర గంటల్లోనే చేరారు. మునుపటి కంటే దాదాపు రెండు గంటలు తక్కువ!

కారణం గాలి. నేలకు పది కిలోమీటర్ల ఎత్తున పడమటినుంచి తూర్పుకు వాయుప్రవాహాలు నదుల్లా పరుగెడుతూ ఉంటాయి. ఏటివాలున పోయే పడవకూ, ఎదురీదే పడవకూ ఎంత తేడానో విమానానికీ అంతే.

ఇదంతా చెప్పేసరికి పెద్దమ్మ పెట్టె విప్పి, మాత్రలు చేతిసంచీలోకి మార్చింది. ఏ మాత్ర ఏ గడియారం ప్రకారం వేసుకోవాలో డాక్టరుగారి చేత కాగితం మీద వ్రాయించుకొచ్చింది. విమానంలో గంటకో గంటన్నరకో ఒకసారి లేచి నాలుగడుగులు వేయమని కూడా ఆయన చెప్పారట.

"మరి తిరిగి వచ్చేటప్పుడో?" అని అడిగింది.

"అక్కడ సోమవారం పొద్దున్న ఎక్కితే, ఇక్కడ మంగళవారం మధ్యాహ్నానికి దిగుతావు. వెళ్ళేటప్పుడు మిగిలింది వచ్చేటప్పుడు ఖర్చయిపోతుంది."

పెద్దమ్మ నవ్వి, "పసిబిడ్డను వదిలి వచ్చే రోజు ఎలాగూ పొడుగ్గానే ఉంటుందిలేరా!" అంది.