నదీగర్భపు బురదయు, బల్లపరుపు చేపలును

గోదావరీతీరమందలి నాందేడు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. 1960 నుండి మహారాష్ట్రములోనిది. ఈ జిల్లాయందలి బిలోలి, దెగ్లూరు, ధర్మాబాదు ప్రాంతముల తెలుగువారికి ఆ నదితో తరతరముల బాంధవ్యము కలదు. అయితే జలము తేటగా కన్పట్టినంత మాత్రమున నది నిర్మలమని చెప్పరాదు. నీట చేరిన లోహములు, తారు, చమురు సంబంధమైన పదార్థములు సన్నని మట్టిరేణువుల నంటుకొని అడుగునకు దిగి, ఏండ్ల తరబడి అచటనే నిలుచును. నీటి పరీక్షకు చిక్కని ఈ దోషము అడుగున బ్రతుకు చేపల శరీరములందు బయటపడును.

ఇట్టి జీవులలో బల్లపరుపు చేపలు ముఖ్యములు. ఇవి పుట్టినప్పుడు తక్కిన చేపలవలెనే యుండును. పెరుగుకొలది ఒక కన్ను తలమీదుగా రెండవ ప్రక్కకు జరుగును. పిమ్మట ఒక ప్రక్కను నేలకానించి, బురదలో దాగి, అందలి పురుగులను తిని జీవించును. కావున విషము మొప్పల ద్వారా, చర్మము ద్వారా, ఆహారము ద్వారా లోనికి ప్రవేశించును. కాలేయము తారుపదార్థములను నీట కరుగు రూపమునకు మార్చి పిత్తముతో వెడలింప యత్నించును. కాని ఆ మార్పునందు పుట్టు కొన్ని పదార్థములు మొదటివానికంటె తీవ్రములై, జీవకణములలోని డి.ఎన్.ఏ.కు అంటుకొనును. క్రమముగా కాలేయమున కంతులు లేచును. రక్షణకై జరుగు క్రియయే రోగమునకు హేతువగుచున్నది.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రమందలి ఈగిల్ హార్బరు రేవు, కలపకు క్రియోసోటు పట్టించు కర్మాగారము వలన చెడెను. 1993-94లో ఆ బురదపై శుభ్రమైన మట్టిని కప్పగా, తరువాతి సంవత్సరములలో అచటి ‘ఇంగ్లీషు సోల్’ చేపల కాలేయవ్యాధులు మిక్కిలి తగ్గెను. ఒహాయో రాష్ట్రపు బ్లాక్ నది మరియొక పాఠము నేర్పినది. 1983లో కోకు కర్మాగారము మూతపడిన పిదప జెల్లజాతి చేపలలో కంతులు తగ్గెను. 1990లో అడుగు త్రవ్వగా బురద కదలి కంతులు మరల హెచ్చెను. కొన్ని యేండ్లకుగాని తగ్గలేదు.

బల్లపరుపు చేపలు సాధారణముగా సముద్రమునను నదీముఖములందును ఉండును. నాందేడునకు అవి దూరము. ఇచటి బురద యంతయు బంగాళాఖాతము చేరదు. పోచంపాడు జలాశయము పెద్దభాగమును ఆపును. కనుక ఇచట సాక్ష్యము చెప్పవలసినవి అడుగున మేయు ఎర్రమోసు, మార్పు మొదలగు చేపలే. పట్టణపు మురుగును శుద్ధిచేయక నదిలో కలుపరాదు. పూడిక తీయుటకు ముందు బురదను, చేపల కాలేయములను పరీక్షింపవలెను. వల వేయువారి జీవనమును, ఆ చేపలను తినువారి ఆరోగ్యమును దీనిపై ఆధారపడియున్నవి.